జామాయిల్ కర్ర: వర్తకుడు తెలుసుకోవలసిన లెక్కలు
తూకం, భూసారం, నీరు: మూడూ చూసి బేరం చేయాలి

ద్వారకా తిరుమల: ధాన్యం, బెల్లం, ఉల్లి బేరాలలో చేయి తిరిగిన ఏలూరు, తాడేపల్లిగూడెం వర్తకులకు జామాయిల్ కర్ర కొంత వేరైన సరకు. ధాన్యాన్ని గిడ్డంగిలో వేసుకుని ధర కోసం వేచి ఉండవచ్చు. జామాయిల్ విషయంలో గిడ్డంగి పొలమే. నిలబడి ఉన్న చెట్టు ఏటా తూకం పెరుగుతుంది. నరికిన కర్ర ఆ రోజు నుంచే తూకం తగ్గుతుంది. ఈ సరకులో లాభనష్టాలు చాలావరకు ఈ ఒక్క విషయం మీద ఆధారపడి ఉంటాయి.

రకాలు

జామాయిల్ పుట్టిల్లు ఆస్ట్రేలియా. ఇందులో 700కు పైగా జాతులున్నాయి. అసలైన చిత్తడి నేల రకం రోబస్టా. ఇది ఆస్ట్రేలియా తూర్పు తీరంలోని బురద నేలల్లో పెరుగుతుంది. మడగాస్కర్ దేశంలో దీనిని విస్తారంగా నాటి, నరికిన మోళ్ల నుంచి మళ్లీ మళ్లీ పిలకలు తీసి బొగ్గు కాలుస్తారు. మన మెట్టలో కనిపించేవి ముఖ్యంగా టెరిటికార్నిస్, కమాల్డులెన్సిస్ జాతులు, వాటి సంకరాలు. కమాల్డులెన్సిస్ నదుల గట్ల చెట్టు. కొంతకాలం నీరు నిలిచినా ఓర్చుకుంటుంది. నీరు తీసిన తరువాత వేరును లోతుకు దింపుతుంది.

గోదావరి ఒడ్డున సారపాకలో నెలకొన్న కాగితం మిల్లు 1980ల చివర మేలైన చెట్లను ఎంపిక చేసి, వాటి కొమ్మల నుంచి క్లోన్ మొక్కలు తయారు చేయించింది. ఇవే భద్రాచలం క్లోన్లుగా పేరు పొందాయి. 3, 7, 10, 413 నంబర్లు రైతులకు పరిచితమైనవి. విత్తనం మొక్కల తోటలో ఒక చెట్టు లావుగా, పక్క చెట్టు సన్నంగా ఉంటుంది. క్లోన్ తోటలో చెట్లన్నీ ఇంచుమించు ఒకే తీరుగా, నిటారుగా ఎదుగుతాయి. దిగుబడి కూడా ఎక్కువ. కాబట్టి బేరానికి ముందు తోట ఏ మొక్కతో వేసినదీ, మొదటి కోతా, పిలక తోటా అన్నది తప్పక విచారించాలి.

నిలబడిన తోట అంచనా

మూడు మీటర్లకు రెండు మీటర్ల ఎడంతో నాటితే ఎకరాకు సుమారు 670 మొక్కలు పడతాయి. నాలుగేళ్ల నాటికి పదింట ఒకటి పోయిందనుకుంటే 603 చెట్లు మిగులుతాయి. చెట్టుకు సగటున 60 కిలోలు పట్టుకుంటే 36 టన్నుల చిల్లర. అయితే ఈ సగటులో 5 కిలోలు ఎక్కువ వేసుకున్నా ఎకరాకు 3 టన్నులు తేడా వస్తుంది. రోడ్డు వైపు గట్టు చెట్లకు ఎండ, గాలి ఎక్కువగా అందుతాయి కనుక అవి లావుగా ఉంటాయి. వాటిని చూసి తోటంతా గుత్తకు మాట్లాడుకున్నవారు నష్టపోతారు. తోట నడిమధ్య రెండు మూడు చోట్ల వరుసలు లెక్కించి, చుట్టుకొలత తీసుకోవడం మంచిది.

తరుగు

పచ్చి కర్ర బరువులో ఇంచుమించు సగం నీరే. నూటికి 50 వంతులు తేమ ఉన్న 10 టన్నుల కర్రలో అసలు కర్ర 5 టన్నులు. ఎండకు తేమ 40 వంతులకు దిగితే కాటా మీద తూగేది 8 టన్నుల 330 కిలోలు మాత్రమే. 1 టన్ను 670 కిలోలు గాలిలో కలిసినట్లే. తొక్క ఒలిస్తే మరో పదో వంతు వరకు తగ్గుతుంది. కనుక లారీ, కూలీలు, మిల్లులో దింపుకునే తేదీ మూడూ ఖాయమైన తరువాతే గొడ్డలి వేయించాలి. కాటా పొలం వద్దనా మిల్లు వద్దనా, తొక్క ఎవరిది, తరుగు ఎవరిది అన్నవి కాగితం మీద ఉండాలి.

భూసారం కూడా పెట్టుబడే

రైతు భూమి చెడితే రెండో కోతలో వర్తకుని సరకూ చెడుతుంది. పొలంలోనే తొక్క ఒలిపించి, ఆకుతో సహా అక్కడే పరిస్తే భూమికి మేలు. తొక్కలో సున్నం పాలు ఎక్కువ. దానిని తరలించడం భూసారాన్ని తరలించడమే. ఆకును తగలబెట్టరాదు. మొదటి ఏడాది వరుసల మధ్య మినుము, పెసర, వేరుశనగ వేస్తే రైతు చేతిలో డబ్బు ఆడుతుంది, భూమికి నత్రజని చేరుతుంది. చేతిలో డబ్బున్న రైతు లేత తోటను తెగనమ్ముకోడు.

చెరకు కార్శి వలె జామాయిల్ కూడా మోడు నుంచి మళ్లీ వస్తుంది. నేలకు నాలుగు అంగుళాల ఎత్తులో, వాలుగా, తొక్క చీలకుండా కోయాలి. వచ్చిన పిలకల్లో బలమైన రెండింటిని ఉంచి మిగతావి తీసివేయాలి. నరుకుడు కూలి తొందరలో మోళ్లు చీల్చితే రెండో పంట పోతుంది.

నీటి ప్రశ్న

జామాయిల్ వేగంగా పెరిగేది నీటిని వేగంగా తాగే. 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నాటడాన్ని నిషేధించడానికి భూగర్భ జలాల చింతే కారణం. మన మెట్టలో బోర్ల మీద ఆధారపడిన ఆయిల్ పామ్ తోటలు ఉన్నాయి. అదే నీటిని రెండూ పంచుకోవాలి. పక్క చేను గట్టు వెంట కందకం తీసి వేళ్లను ఆపడం రైతులు ఎరిగిన జాగ్రత్త. గులకరాతి చెలకలకు పరిమితం చేసి, బావులకూ వాగులకూ దూరంగా నాటడం క్షేమం.

చిత్తడికి ఓర్చే చెట్టు గదా అని కొల్లేటి వైపు చూడరాదు. కొల్లేరు 1999లో అభయారణ్యంగా ప్రకటితమైంది. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. అక్కడి నీటిమట్టం తమ్మిలేరు వంటి మెట్ట వాగులు తెచ్చే నీటి మీద కూడా ఆధారపడి ఉంది. కొల్లేటి లంకల్లో ఈ చెట్టుకు చోటు లేదు. నరికిన కర్రకు మాత్రం చేపల చెరువుల గుంజలుగా పని ఉంటుంది.

గిరాకీ

పెద్ద కొనుగోలుదారులు కొద్దిమందే: రాజమండ్రి, సారపాక కాగితం మిల్లులు. మిల్లు కొనుగోలు మందగిస్తే బజారంతా మందగిస్తుంది. సెంట్రింగ్ కర్రలు, అరటి పోట్లు, వంటచెరకు ఆ లోటును కొంతవరకే పూడ్చగలవు. కొనుగోలు మందగించిన రోజుల్లో నరకకుండా ఉండడమే వర్తకునికి రక్షణ. రైతుతో ఒప్పందంలో కోత గడువు ఆరు నెలలైనా వెసులుబాటుగా రాసుకున్నవారికి ఆ రక్షణ దక్కుతుంది. గడువు మీద పడి నరికించినవారు సరకును ఎండకు, ధరను మిల్లు దయకు వదిలినవారవుతారు.