దుక్కిలో మాట



నువ్వు వాట్సాప్‌లో పంపిన పేపరు కటింగు చూశాను. వీసీ గారు, పరిశోధన సంస్థ డైరెక్టరు గారు, కంపెనీ ఎండీ గారు ముగ్గురూ నీలం ఫైళ్లు పట్టుకుని కెమెరా వైపు నవ్వుతున్నారు. వెనక వరసలో మూడో తల నీదేనని మీ అత్తయ్య ఇట్టే పోల్చుకుంది. చాలా సంతోషం. మూడు చోట్ల నడిచే ప్రాజెక్టులో చేరావు కాబట్టి ఈ ఒప్పందాలు ఎలా పనిచేస్తాయో చెప్పమన్నావు. యూనివర్సిటీ ప్రాజెక్టుల సెక్షన్లో ఇరవై ఆరేళ్లు ఫైళ్లు మోసినవాణ్ణి. ఇలాంటి ఫొటోలు లెక్కలేనన్ని చూశాను. చాలావాటి కథ ఆ నీలం ఫైలు దగ్గరే ఆగిపోయింది. ఎంఓయూ అనే ఆ అవగాహన ఒప్పందం పెళ్లిచూపుల్లాంటిది, కాఫీ తాగి లేచిపోయినా ఎవరూ అడగరు.

నిజంగా నడిచిన జట్టు ఎలా ఉంటుందో తెలియాలంటే నీ చిన్న తమ్ముడికి పసితనంలో వేయించిన రోటావైరస్ టీకా చుక్కల కథ చెప్పాలి.

1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో, అప్పుడే పుట్టిన పిల్లలను ఉంచే వార్డులో ఒక రోటావైరస్ కనిపించింది. చిత్రమేమిటంటే అది సోకిన పసివాళ్లకు విరేచనాలు కాలేదు. పైగా వాళ్లు కాస్త పెద్దయ్యాక కూడా తీవ్రమైన రోటావైరస్ జబ్బు వాళ్ల జోలికి పెద్దగా రాలేదు. పిల్లల వైద్యుడు ఎం.కె. భాన్ బృందం దీన్ని పట్టుకుంది. 116ఈ అని పేరుపెట్టిన ఆ వైరస్‌కు ఉన్న పదకొండు జన్యు ముక్కల్లో ఒకటి పశువుల వైరస్ నుంచి వచ్చి చేరింది. ప్రకృతే సగం టీకా తయారుచేసి పెట్టిందన్నమాట. మిగతా సగానికి ముప్ఫై ఏళ్లు పట్టింది!

ఆ ముప్ఫై ఏళ్లలో ఆ వైరస్ సీసా ఎన్ని చేతులు మారిందో చూడు. 1987లో మొదలైన భారత్–అమెరికా టీకా కార్యక్రమం కింద అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థలు ఎన్ఐహెచ్, సీడీసీ, ఇంకా స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఇందులో చేయి వేశాయి. బెంగళూరు ఐఐఎస్‌సీ వాళ్ల దగ్గర ఐ321 అని ఇంకో వైరస్ ఉండేది. రెండింటినీ పిల్లల మీద పరీక్షించి చూస్తే 116ఈకి వచ్చినంత స్పందన దానికి రాలేదు. దాన్ని పక్కన పెట్టారు. మా పిల్లే అందంగా ఉందని ఎవరూ పట్టుపట్టలేదు. నాకు ఈ కథలో బాగా నచ్చినది ఇదే. యూనివర్సిటీ కారిడార్లలో ఇంత తేలిగ్గా ఓటమి ఒప్పుకున్నవాళ్లను నేను ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టగలను.

తయారీ మన హైదరాబాద్ జినోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ చేతికి వచ్చింది. ల్యాబులో ఒక ఫ్లాస్కులో పెరిగే వైరస్ వేరు, లక్షల డోసులకు సరిపడా, టీకాల కోసం పెంచే వీరో అనే కణాల మీద ప్రతిసారీ ఒకే తీరుగా పెరగడం వేరు. ఆ రెండో విద్య ఏ ప్రొఫెసరు దగ్గరా ఉండదు, కంపెనీ ఇంజనీర్ల దగ్గర ఉంటుంది. నీ ప్రాజెక్టులో కంపెనీవాళ్లు వచ్చి "ఇది స్కేలప్ కాదు" అంటే చిన్నబుచ్చుకోకు. వాళ్లకు తెలిసిన చదువు అది.

ఈలోపు అమెరికాలో వచ్చిన మరో రోటా టీకాను, పిల్లలకు పేగులో ఒక భాగం మరో భాగంలోకి చొచ్చుకుపోయే ప్రమాదం కనిపించి, 1999లో వెనక్కి తీసుకున్నారు. దాంతో మన టీకా పరీక్షలో ఆ ప్రమాదాన్నీ కనిపెట్టి చూడక తప్పలేదు. 2011లో మొదలైన మూడో దశ పరీక్షలో ఢిల్లీ, పుణె, వేలూరుల్లో 6,799 మంది పసిపిల్లలు. పిల్లలను చూసుకోవడం, నమూనాలు పరీక్షించడం ఆస్పత్రులు, పరిశోధన సంస్థల చేతుల్లో ఉంది. సరుకు చేసినవాడే తూకం వేస్తే ఎవరు నమ్ముతారు? తీవ్రమైన జబ్బు సగానికి పైగా తగ్గిందని తేలింది. డబ్బు మన బయోటెక్నాలజీ శాఖ నుంచి, గేట్స్ ఫౌండేషన్ నుంచి, నార్వే, బ్రిటన్ ప్రభుత్వాల నుంచి వచ్చింది. ఇంతమంది డబ్బు పెట్టినందుకు బదులుగా, మార్కెట్లోకి రాకముందే కంపెనీ ఒక మాట ఇచ్చింది: డోసుకు ఒక డాలరు. 2016 మార్చిలో ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో ముందుగా చేర్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మీ తమ్ముడికి ఆరో వారంలో పీహెచ్‌సీలో ఏఎన్ఎం నోట్లో వేసిన ఐదు చుక్కలు అవే.

ఆ డాలరు మాట ముందే అనుకోవడం దగ్గరే ఉంది కిటుకంతా. మీ తాతయ్య పొలం పాలికి ఇచ్చేటప్పుడు విత్తనం ఎవరిది, ఎరువు ఎవరిది, గింజలో ఎవరి వాటా ఎంత అన్నది దుక్కికి ముందే తేల్చుకునేవారు. ఒక ఏడాది వరిగడ్డి సంగతి మర్చిపోయారు. కళ్లంలో కేకలేసుకున్నారు. గింజ గురించి కాదు, గడ్డి గురించే.

నీలాంటి విద్యార్థి వాటా ఆ గడ్డే అమ్మాయీ. పేటెంటు, రాయల్టీ, ఓవర్‌హెడ్ అన్నీ పెద్దవాళ్లు బల్లగుద్ది మాట్లాడుకుంటారు. థీసిస్ ఎప్పుడు సమర్పించుకోవచ్చు, పేపరు మీద పేరు ఎవరిది అన్నవి ఎవరికీ గుర్తుకురావు. నా సర్వీసులో ఒక కుర్రాడు నాలుగేళ్లు కష్టపడి సినాప్సిస్ తెచ్చాడు. డబ్బిచ్చిన కంపెనీ గోప్యత షరతు చూపించింది. కాగితం తీస్తే ఉంది. ఎంతకాలం అన్నది మాత్రం లేదు. ఆ ఫైలు నా బల్ల మీదుగానే వెళ్లింది. లెక్కలు సరిచూశాను, శాతాలు సరిచూశాను, ఆ వాక్యం చూడలేదు. పద్దెనిమిది నెలలు ఉత్తరాలు నడిచాయి. ఈలోగా అతని ఫెలోషిప్ అయిపోయింది. ట్యూషన్లు చెప్పుకుంటూ మా సెక్షన్ గుమ్మం దగ్గర నిలబడేవాడు. నేను తలెత్తేవాణ్ణి కాదు.

కంపెనీ భయంలోనూ న్యాయం ఉంది. పేటెంటు దరఖాస్తు పడకముందే పేపరో పోస్టరో బయటికొస్తే కొత్తదనం పోయిందంటారు. అందుకే మన చట్టం ముందు తాత్కాలిక దరఖాస్తు వేసుకోనిస్తుంది, పూర్తి వివరాలకు 12 నెలలు గడువిస్తుంది. ఒప్పందంలో "ముసాయిదా పంపిన ఇన్ని రోజుల్లో కంపెనీ అభ్యంతరం చెప్పాలి, చెప్పకపోతే ఒప్పుకున్నట్టే" అనే ఒక్క వాక్యం ఉంటే ఇద్దరికీ సుఖం. అది ఉందో లేదో మీ గైడును అడుగు. చేరిన కొత్తలో అడిగితే తెలివైన పిల్ల అంటారు. నాలుగో ఏట అడిగితే గొడవ పెట్టుకునే పిల్ల అంటారు.

ఇంకొకటి, ల్యాబు నోటుబుక్కు. పేజీలకు అంకెలు వేసిన పుస్తకంలో ఏ రోజు పని ఆ రోజే పెన్నుతో రాయి, తేదీ వేయి, పక్కవాళ్ల సంతకం తీసుకో. పరిశోధన సంస్థ నుంచి ఏ సీసా వచ్చినా దానితో వచ్చిన ఎంటీఏ, అంటే పదార్థ బదిలీ ఒప్పందం, కాగితం కూడా చూడు. పదార్థం ఇచ్చినవాళ్లు ఏం చేయవచ్చన్నారో, ఏం వద్దన్నారో దాంట్లోనే ఉంటుంది. సీసా ఫ్రిజ్‌లో పెట్టి కాగితం పారేసేవాళ్లు ఎక్కువ.

మూడు చోట్ల మూడు గడియారాలు నడుస్తుంటాయి. కంపెనీకి మూడు నెలలకోసారి లెక్క, నీ యూనివర్సిటీకి సెమిస్టరు, సంస్థకు ప్రాజెక్టు గడువు. వీటి మధ్య నలిగేది విద్యార్థే. కంపెనీ వాళ్ల మీటింగుల్లో వెనక కూర్చోకు. వాళ్ల తయారీ విభాగంలో ఒక నెల ఉండే వీలుంటే వెంటనే ఒప్పుకో. అక్కడ డ్రమ్ముల పక్కన నిలబడితే తెలిసేది ఏ జర్నల్లోనూ దొరకదు.

మీ అత్తయ్య మాగాయ పంపుతోంది, హాస్టల్లో అందరికీ పెట్టకుండా దాచుకో అని చెప్పమంది. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ ఒప్పందం జిరాక్సు తీసుకురా. సెల్లులో ఫొటో తీసి పంపకు, నాకు కావలసిన వాక్యాలన్నీ చిన్న అక్షరాల్లోనే ఉంటాయి. కొత్త కళ్లజోడు వేయించుకున్నాను. ఈసారి ప్రతి లైనూ చదువుతాను.

మీ మామయ్య