పెద్దల్లో ఉబ్బసం: దాచుకుంటేనే ముప్పు



“హకీం సాబ్, వయసు మీద పడ్డది, అందుకే దమ్ము వస్తుంది” అని సిరొంచ, అంకీసా, ఆసరెల్లి వైపు నుంచి వచ్చే పెద్దలు తరచు అంటుంటారు. విచారిస్తే తెల్లవారుజామున దగ్గుతో లేచి కూర్చుంటారని, ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తాయని, ఇది ఏళ్ల తరబడి ఉందని తెలుస్తుంది. ఇది వయసు వల్ల వచ్చేది కాదు, ఉబ్బసం కావచ్చు. మన ఇళ్లలో దమా అనేది దీన్నే. యునానీలో జీఖున్నఫస్ అంటారు.

ఎంతమందికి ఉంది?

భారత వైద్య పరిశోధన మండలి 12 కేంద్రాల్లో 15 ఏళ్లు దాటిన సుమారు 1 లక్షా 70 వేల మందిని పరిశీలించి 2012లో ఫలితాలు ప్రకటించింది. నూటికి ఇద్దరికి ఉబ్బసం ఉన్నట్లు తేలింది. దేశం మొత్తం మీద అది 1 కోటి 70 లక్షల మంది అన్నమాట. మన జుమా నమాజుకు 200 మంది వస్తే సగటున నలుగురు ఈ బాధ ఉన్నవారే. ఇళ్లలోని స్త్రీల లెక్క వేరే.

ఇంకో లెక్క మరీ బాధాకరం. 2019 అంచనాల ప్రకారం ప్రపంచంలోని ఉబ్బస రోగుల్లో మన దేశంవారు 13 శాతమే. కానీ ఉబ్బసం మరణాల్లో 40 శాతానికి పైగా ఇక్కడివే. వ్యాధిని గుర్తించకపోవడం, సరైన మందు వాడకపోవడం ఇందుకు ముఖ్య కారణాలు. పెళ్లి సంబంధాలకు అడ్డు వస్తుందని ఆడపిల్లల దమాను దాచే కుటుంబాలు కూడా ఉన్నాయి. ఇది పెద్ద పొరపాటు.

ఎవరికి ఎక్కువ?

తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఉన్నవారికి, బీడీ సిగరెట్ తాగేవారికి, ఇంట్లో ఆ పొగ పీల్చేవారికి, కట్టెల పొయ్యి దగ్గర వండేవారికి ఎక్కువని ఆ పరిశీలనే చెప్పింది. మిర్చి కల్లాల ఘాటు, పత్తి దుమ్ము, చలిగాలి ఉన్న దమాను రేపుతాయి.

యునానీ ఏమంటుంది?

బల్గం, అంటే కఫం, శ్వాసనాళాల్లో చేరి దారిని ఇరుకు చేస్తుందని మన హకీములు చెప్పారు. నాళాల లోపలి పొర వాచి, కండరాలు బిగుసుకుంటాయని నేటి వైద్యం చెబుతుంది. 12వ శతాబ్దిలో మూసా ఇబ్న్ మైమూన్ ఈ వ్యాధి మీదే అరబ్బీలో ఒక గ్రంథం రాశారు. గాలి, ఆహారం, నిద్రల గురించి అందులో వివరంగా చెప్పారు. మనమూ అక్కడి నుంచే మొదలుపెట్టాలి. పొయ్యి పొగ బయటికి పోయే దారి చేయండి. బీడీ మానండి. రాత్రి భోజనం తేలికగా, పెందలాడే ముగించండి.

లఊఖ్ సపిస్తాన్, షర్బత్ జూఫా వంటివి కఫాన్ని పలుచబరచడానికి ఇస్తాం. వీటిలో తీపి ఉంటుంది కనుక షుగర్ ఉన్నవారు అడగకుండా వాడకూడదు. అతిమధురం ఎక్కువ రోజులు వాడితే బీపీ పెరుగుతుంది.

ఇన్‌హేలర్ మానకండి

నలభై ఏళ్లుగా యునానీ వైద్యం చేస్తున్న నేనే చెబుతున్నాను. డాక్టర్ రాసిన ఇన్‌హేలర్‌ను మా మందు కోసం మానకండి. “అలవాటు పడిపోతుంది” అనేది అపోహ. ఒక రకం రోజూ వాడితే వాపును అదుపులో ఉంచుతుంది, మరో రకం ఆయాసం వచ్చినప్పుడు ఉపశమనం ఇస్తుంది. రెండో దానితోనే సరిపెట్టుకుంటే వాపు లోపల అలాగే ఉండిపోతుంది.

రోజాలో దాన్ని పీల్చవచ్చా అన్న విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయం ఉంది. మీ ఆలింను అడగండి. రోజువారీ మందును సెహరీ, ఇఫ్తార్ వేళలకు మార్చుకునే వీలుందేమో డాక్టర్‌ను అడగండి. రోగికి రోజా తర్వాత పూర్తి చేసుకునే సౌలభ్యాన్ని అల్లాహ్ ఇచ్చాడు. ఆయాసంతో ప్రాణం మీదికి తెచ్చుకోకండి.

ఎప్పుడు పరుగెత్తాలి?

ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయినా, పెదవులు నీలంగా మారినా, ఇన్‌హేలర్‌తో తగ్గకపోయినా ఆలస్యం చేయకండి. గడ్చిరోలి మనకు 200 కిలోమీటర్ల పైమాటే. గోదావరి మీద వంతెన ఉన్నా అర్ధరాత్రి బండి దొరకదు. తెల్లారనిద్దాం అనుకోకుండా ముందు దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి చేరండి. ఏ బండి పిలవాలో ఇంట్లో ముందే అనుకొని ఉంచండి.

దగ్గు రెండు వారాలు దాటితే కళ్లె పరీక్ష కూడా చేయించండి. క్షయ, గుండె జబ్బు కూడా దమాలాగే కనిపించవచ్చు.

ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందు ఉంచాడని దైవప్రవక్త (సల్లం) బోధించారు. వ్యాధిని దాచుకుంటే ఆ మందు మన దాకా ఎలా వస్తుంది?