పళ్ళకు క్లిప్పులు - ఎవరికి ఏవి?



మన హాస్టళ్ళలో జ్వరమొస్తే గోలీ వేసుకుంటాం. బోర్డు మీది అక్షరాలు కనబడకపోతే అద్దాలు పెట్టుకుంటాం. పళ్ళు మాత్రం నొప్పి పుట్టేదాకా గుర్తుకు రావు. ఎత్తుపళ్ళున్న పిల్లలు ఫోటో దిగేటప్పుడు నోరు బిగబడతారు, నవ్వొస్తే చేయి అడ్డం పెట్టుకుంటారు. ఇప్పుడు సెల్‌ఫోన్లలో "కనబడని క్లిప్పులు" అంటూ ప్రకటనలు వస్తున్నాయి. అమ్మానాన్నలతో అప్పు చేయించి వేయించుకోవాలా, వేయించుకుంటే ఏ రకం మంచిది అని తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అడుగుతున్నారు. పూర్వ విద్యార్థులమైన మేము డాక్టర్లం కాము. అయినా డాక్టరు దగ్గరికి పోయేముందు తెలుసుకోవలసిన విషయాలు ఇక్కడ చెబుతున్నాం.

పన్ను ఎట్లా జరుగుతుంది?

పంటి వేరుకు, దవడ ఎముకకు మధ్య సన్నని నారపొర ఉంటుంది. పంటిని మెల్లగా నెడుతూ ఉంటే నెట్టిన వైపు ఎముక కరుగుతుంది, వెనుక వైపు కొత్త ఎముక పడుతుంది. ఇట్లా పన్ను నెలకు సుమారు 1 మి.మీ. జరుగుతుంది. అందుకే చికిత్స సాధారణంగా ఏడాదిన్నర నుండి రెండేళ్ళు పడుతుంది. తొందరపడి గట్టిగా లాగితే వేరు దెబ్బతింటుంది. క్లిప్పులు ఏ రకమైనా జరిగే పని ఇదే.

రకాలు

1. తీసిపెట్టుకునే ప్లేటు: చవక. చిన్న చిన్న వంకరలకే పనికొస్తుంది.

2. లోహపు క్లిప్పులు: అమెరికా దంతవైద్యుడు ఎడ్వర్డ్ యాంగిల్ 1928లో ప్రకటించిన పద్ధతి వీటికి మూలం. పంటికి అతికించి తీగ బిగిస్తారు. గట్టివి, ఎక్కువ రకాల వంకరలను సరిచేస్తాయి. కనబడటమే వీటి లోపం.

3. సిరామిక్ క్లిప్పులు: పంటి రంగులో ఉంటాయి. ధర ఎక్కువ, విరిగే భయం ఉంది. వాటికి వేసే రబ్బరు రింగులకు కూరలోని పసుపు, చాయ్ మరక పడుతుంది.

4. లోపలి వైపు క్లిప్పులు: నాలుక వైపు అతికిస్తారు. బయటికి కనబడవు. మొదట్లో నాలుక ఒరుసుకుపోతుంది, మాట తడబడుతుంది. ఖర్చు చాలా ఎక్కువ.

5. అలైనర్లు: పంటి అచ్చుకు సరిపోయే పారదర్శక ప్లాస్టిక్ తొడుగులు. 1997లో స్థాపించిన అమెరికా సంస్థ అలైన్ టెక్నాలజీ వీటిని ప్రచారంలోకి తెచ్చింది. వారం, రెండు వారాలకు ఒక జత మార్చాలి. రోజుకు 20 నుండి 22 గంటలు పెట్టుకోవాలి. తినేటప్పుడు తీసి, పళ్ళు కడిగి మళ్ళీ పెట్టుకోవాలి. చిన్న, మధ్య రకం వంకరలకు బాగా పనిచేస్తాయి.

హాస్టల్ విద్యార్థికి ఏది?

అలైనరు మంచిదే. కాని మెస్సులో పళ్ళెం పక్కన తీసిపెడితే అన్నంతోపాటు చెత్తబుట్టలో పడుతుంది. పోతే మళ్ళీ డబ్బు. బద్ధకించి పెట్టుకోకపోతే పన్ను జరగదు. లోహపు క్లిప్పు అతికించే ఉంటుంది కాబట్టి ఆ బాధ లేదు. మన పిల్లల్లో చాలామందికి అదే తగినదని మా అభిప్రాయం.

రకం కన్నా ముందు చూడవలసినది మరొకటి ఉంది. చికిత్స రెండేళ్ళది, నెలనెలా డాక్టరు దగ్గరికి పోవాలి. పదవ తరగతిలో మొదలుపెడితే మధ్యలోనే హాస్టల్ విడిచిపోతాం. ఎనిమిదవ తరగతిలో మొదలుపెడితే పరీక్షల నాటికి పూర్తి కావచ్చు. హుస్నాబాద్ నుండి కరీంనగర్ సుమారు 40 కి.మీ. నెలనెలా బస్సు కిరాయి, తోడు వచ్చే నాన్న కూలి కూడా లెక్కలో వేసుకోవాలి. సగంలో మానేస్తే పెట్టిన డబ్బూ పోతుంది, పళ్ళూ కుదురుకోవు.

డాక్టరును చూడకుండా తపాలాలో అలైనర్లు తెప్పించుకోకండి. అమెరికాలో అట్లా అమ్మిన స్మైల్ డైరెక్ట్ క్లబ్ 2023 డిసెంబరులో మూతపడి, వాడుతున్నవారు మధ్యలో చిక్కుకున్నారు.

ఎక్కడికి పోవాలి?

మొదట పిప్పిపళ్ళు, చిగుళ్ళు బాగుచేయించుకోవాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందం బడికి వచ్చినప్పుడు నోరు తెరిచి చూపించండి. క్లిప్పులకు బి.డి.ఎస్. తర్వాత ఆర్థోడాంటిక్స్‌లో ఎం.డి.ఎస్. చేసినవారు నిపుణులు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి దగ్గర ప్రభుత్వ దంత వైద్య కళాశాలలోనూ ఈ విభాగం ఉంది. ఎక్స్‌రే తీశారా, పళ్ళు తీయాలా, మొత్తం ఖర్చు ఎంత, ఎన్ని నెలలు అని ముందే అడగండి. అడగడానికి సిగ్గుపడవద్దు.

జాగ్రత్తలు

క్లిప్పులుంటే సంక్రాంతి సకినాలు, మక్కకంకులు, పల్లిపట్టీలు, బొక్కలు కొరకరాదు. మక్కలు ఒలుచుకొని, జామకాయ ముక్కలు కోసుకొని తినాలి. తిన్న ప్రతిసారీ బ్రష్ చేయాలి. లేకపోతే క్లిప్పు చుట్టూ తెల్లమచ్చలు, పిప్పి వస్తాయి. క్లిప్పులు తీశాక డాక్టరు ఇచ్చే రిటైనరు తప్పక పెట్టుకోవాలి. మానేస్తే పళ్ళు పాత చోటికి జరుగుతాయి.

చివరిగా ఒక మాట. కొద్దిపాటి వంకరకు వైద్యం అక్కరలేదు. నమలడానికి, మాట్లాడటానికి అడ్డమైతే, పెదవికి గాయమవుతుంటే, మనసుకు మరీ బాధగా ఉంటే తప్పక చూపించుకోవాలి. క్లిప్పులు కొనలేని తోటి విద్యార్థికి మనం డబ్బు ఇవ్వలేకపోవచ్చు. పళ్ళను బట్టి పేరు పెట్టి పిలవకుండా ఉండటానికి మాత్రం ఖర్చేమీ లేదు. ఆ పని ఈరోజే మొదలుపెడదాం.