సున్నాతో మొదలయ్యే వెర్షన్

ప్రశ్న: సొంతంగా రాసిన సాఫ్ట్‌వేర్‌ను నలుగురితో పంచుకోవాలని ఉంది. అది ఇంకా పూర్తికాలేదని ఎలా తెలపాలి?

జవాబు: 1991 ఆగస్టులో లైనస్ టోర్వాల్డ్స్ తన ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ గురించి తొలిసారి బయటపెట్టినప్పుడు, అది సరదాకి చేస్తున్న పనేనని ముందే చెప్పేశాడు. సెప్టెంబరులో వచ్చిన వెర్షన్ సంఖ్య 0.01. లినక్స్ 1.0 అయ్యేసరికి 1994 మార్చి వచ్చింది.

పూర్తికాని వెర్షన్‌కు సున్నాతో మొదలయ్యే సంఖ్య ఇవ్వడం నేటికీ వాడుకే. వెర్షన్ సంఖ్యలు ఎలా ఇవ్వాలో చెప్పే సెమాంటిక్ వెర్షనింగ్ నియమాల ప్రకారం సున్నాతో మొదలయ్యే వెర్షన్‌లో ఏదైనా, ఎప్పుడైనా మారిపోవచ్చు.

'బీటా' అన్న ముద్ర మాత్రం అంత స్పష్టంగా ఉండదు. కోట్లమంది వాడుతున్నా జీమెయిల్ 2009 దాకా, అయిదేళ్లకు పైగా బీటాగానే ఉంది. అందుకే రీడ్‌మీ ఫైలు మొదటి వరుసల్లోనే ఏది పనిచేస్తుందో, ఏది చేయదో, డేటా పోయే ప్రమాదం ఉందో లేదో మామూలు మాటల్లో రాయాలి. ఈ చివరిది మరీ ముఖ్యం: నమ్మి వాడినవాళ్ల ఫొటోలు, లెక్కలు పోతే తిరిగి రావు.