దారి తప్పిన విధేయత

పాఠ్య నేపథ్యం

కాలాన్ని దాటి ప్రయాణించడమనే ఊహ మనకు కొత్తది కాదు. తన కుమార్తె రేవతికి తగిన వరుని గూర్చి అడుగ దలచి రైవతుడు బ్రహ్మలోకానికి వెళ్లాడనీ, అక్కడ గానం ముగిసే వరకు వేచి ఉన్నంతలోనే భూలోకంలో 27 మహాయుగాలు గడిచిపోయాయనీ భాగవత నవమ స్కంధం చెబుతున్నది. 1895లో హెచ్.జి. వెల్స్ రచించిన ‘ది టైమ్ మెషిన్’ నవల ఆ ఊహకు యంత్రాన్ని జోడించింది. కాలయానమూ, అన్యగ్రహవాసులూ, మహావీరులూ కలిసిన కథలలో 2019లో విడుదలై, తెలుగులోనికి కూడా అనువాదమైన ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ చిత్రం ఒకటి. అందులోని నెబ్యులా పాత్రను ఈ పాఠం పరిశీలిస్తుంది.

పాఠం

నెబ్యులా 1985లో ‘అవెంజర్స్’ బొమ్మల కథలలో తొలిసారి కనిపించిన అన్యగ్రహ స్త్రీ. చలనచిత్రాలలో ఆమె థానోస్‌కు పెంపుడు కూతురు. సృష్టిలోని వనరులు అందరికీ చాలవనీ, ప్రాణికోటిలో సగాన్ని రూపుమాపితే మిగిలిన సగం సుఖిస్తుందనీ నమ్మిన క్రూరుడతడు. నెబ్యులాను, గమోరాను పసితనంలోనే తెచ్చి అక్కాచెల్లెళ్లుగా పెంచి, ఒకరితో ఒకరికి పోరు పెట్టేవాడు. ఓడిన ప్రతిసారీ నెబ్యులా శరీరంలో ఒక భాగాన్ని తొలగించి యంత్రాన్ని అమర్చేవాడు. అయినను ఆమె కోరినది తండ్రి మెప్పునే. దండనను శిక్షణగా, భయాన్ని భక్తిగా భ్రమించింది.

థానోస్ తన సంకల్పాన్ని నెరవేర్చుకున్న ఐదేళ్లకు, అనగా కథాకాలంలో 2023లో, మిగిలిన వీరులు ఆరు మణులను తెచ్చేందుకు గతంలోనికి పయనిస్తారు. కొందరు 2012 నాటి న్యూయార్క్‌కు, కొందరు 2013 నాటి అస్గార్డ్‌కు వెళతారు. అప్పటికే తండ్రిని విడిచి వీరుల పక్షాన చేరిన నెబ్యులా 2014కు వెళుతుంది. ఆ కాలపు నెబ్యులా ఇంకా థానోస్ కొలువులోనే ఉన్నది. ఇద్దరి యంత్రస్మృతులు ముడిపడడంతో రహస్యమంతా థానోస్‌కు తెలిసిపోతుంది. అతడు నేటి నెబ్యులాను బంధించి, ఆమె వేషంలో నాటి నెబ్యులాను 2023కు పంపుతాడు. ఆమె ద్వారం తెరవగా శత్రుసేన భూమిపై దిగుతుంది.

చివరకు ఇద్దరూ ఎదురుపడతారు. మారవచ్చునని నేటి నెబ్యులా నచ్చజెప్పినా, తండ్రి మారనివ్వడంటూ నాటి నెబ్యులా ఆయుధమెత్తుతుంది. నేటి నెబ్యులా తన గతాన్ని తన చేతితోనే చంపుకొంటుంది. గతంలో కలిగిన మార్పు, అక్కడికి వెళ్లినవారి వర్తమానాన్ని మార్చదన్నది ఆ కథ పెట్టుకొన్న నియమం. కనుకనే ఆమె నశించలేదు.

ఇక్కడ కర్ణుడు గుర్తుకు రాక మానడు. అంగరాజ్యమిచ్చి ఆదరించిన దుర్యోధనునిపై అతనికి కృతజ్ఞత. కృష్ణుడు జన్మరహస్యం చెప్పిన పిమ్మట కూడా అతడు పక్షం మారలేదు. నెబ్యులాకు ఆ ఆదరణ కూడా దక్కలేదు. అతనిని కృతజ్ఞత, ఆమెను భయం అధర్మపక్షాన నిలిపాయి. కృతజ్ఞత గొప్ప గుణమే. అయితే ఉపకారికి ప్రాణమైనా ఈయవచ్చును గాని, వివేకాన్ని ఈయరాదు. నెబ్యులా ఆలస్యంగానైనా తన వివేకాన్ని తాను తిరిగి తెచ్చుకొన్నది. మనకు గతంలోనికి వెళ్లే యంత్రం లేదు. కనుక, ఎవరిని అనుసరిస్తున్నామో, ఎందుకు అనుసరిస్తున్నామో ముందే విచారించుకోవాలి.

అర్థాలు

విధేయత = చెప్పినట్లు నడచుకొనుట
రూపుమాపు = నశింపజేయు
పిమ్మట = తరువాత
వివేకం = మంచిచెడులను తెలిసికొను జ్ఞానం

ప్రశ్నలు

1. నెబ్యులా భయాన్ని భక్తిగా ఎందుకు భ్రమించింది?
2. కర్ణుని విధేయతకు, నెబ్యులా విధేయతకు గల భేదాన్ని వివరించండి.
3. ‘ఉపకారికి వివేకాన్ని ఈయరాదు’ అన్న మాటతో మీరు ఏకీభవిస్తారా? చర్చించండి.