పచ్చ లైటు వెలుగుతుంది, మోటారు తిరగదు

ఉయ్యూరు

చి.సౌ. అమ్ములుకు,



మోటారు సంగతి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ట్యాంకు ఖాళీ అయినా, కంట్రోలర్ మీద పచ్చ లైటు వెలుగుతున్నా నీళ్లు ఎక్కడం లేదట. ఒకాయన వచ్చి కంట్రోలర్ బోర్డు కాలిందన్నాడు, ఇంకొకాయన బోరులోంచి మోటారు పైకి తియ్యాలన్నాడు. ఇద్దరూ స్టార్టరు పెట్టె మూత తియ్యకుండానే తేల్చేశారని విని నాకు నవ్వొచ్చింది. ఎవరికీ డబ్బివ్వకు. ముందు ఇది చదువు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని కాగితం మీద పెడుతున్నా.

మోటారు తిరగలేదన్నది నీ కంటికి కనిపించేది. దానికి కరెంటు అందిందా లేదా అన్నది ఇంకా ఎవరూ చూడలేదు. అందకపోతే మోటారు పైకి తియ్యడం దండగ. అంది కూడా తిరగకపోతే కొత్త బోర్డు కొనడం దండగ. ఈ ఒక్క ప్రశ్నకి జవాబు వచ్చేదాకా ఏదీ మార్చనివ్వకు.

మన శివారు రైతు చేనుకి నీళ్లు రాకపోతే ఏం చేస్తాడు? బందరు కాలువ గట్టు పట్టుకుని పైకి నడుస్తాడు. ఎక్కడిదాకా నీళ్లున్నాయో, ఎక్కడి నుంచి లేవో చూసుకుంటాడు. ఆ రెండింటి మధ్యనే ఉంటుంది అడ్డం. మీ పెట్టెలోనూ అంతే. ట్యాంకులో సెన్సర్ వైర్లు నీళ్లు తగ్గాయని కంట్రోలర్‌కి చెబుతాయి. కంట్రోలర్ తన లోపలి చిన్న రిలేని లాగుతుంది. రిలే నుంచి కరెంటు కాంటాక్టర్ కాయిల్‌కి వెళ్తుంది. కాయిల్ అయస్కాంతమై కాంటాక్టులని కలుపుతుంది. అక్కడి నుంచి, మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేసే ఓవర్‌లోడ్, కండెన్సర్లు, ఆ తర్వాత బోరులోకి దిగే మూడు వైర్లు.

పచ్చ లైటు ఈ వరసలో మొదటి రెండు మెట్ల దగ్గరే ఆగిపోతుంది. రిలేని లాగమని చెప్పాననే దాని మాట. రిలే లాగిందో లేదో, దాని కొనలు కలిశాయో లేదో ఆ లైటుకి తెలియదు. కాబట్టి పచ్చ లైటు చూసి కంట్రోలర్ బాగుందనీ చెప్పలేం, బోర్డు కాలిందనీ చెప్పలేం.

పెట్టె మీద ఆటో, మాన్యువల్ అని స్విచ్ ఉంటుంది. నువ్వు చేత్తో చెయ్యగలిగిన పెద్ద పరీక్ష అదే. మాన్యువల్‌లో పెట్టి పచ్చ బటన్ నొక్కు. మోటారు ఎత్తుకుందా, అయితే మోటారు, కండెన్సర్లు, ఓవర్‌లోడ్, కాంటాక్టర్ అన్నీ మంచివే. గొడవ కంట్రోలర్‌లోనో, దాని నుంచి కాయిల్‌కి వచ్చే వైరులోనో ఉంది. మాన్యువల్‌లోనూ ఎత్తుకోకపోతే కంట్రోలర్‌ని వదిలేసి కిందికి రా.

అప్పుడు మొట్టమొదట చూడాల్సింది ఓవర్‌లోడ్. అది ట్రిప్ అయితే కాయిల్‌కి వెళ్లే దారి తెగుతుంది. పైన పచ్చ లైటు మాత్రం యథాప్రకారం వెలుగుతూనే ఉంటుంది. స్టార్టరు పట్టడం లేదంటూ నా రిపేరు షాపుకి వచ్చిన పెట్టెల్లో చాలావాటికి ఏ రోగమూ లేదు. ఆగమని ఎక్కడో ఒక చోట మాట వచ్చింది, ఆగాయి. ఒక్కసారి రీసెట్ నొక్కు. మళ్లీ ట్రిప్ అయితే మళ్లీ నొక్కకు. మోటారు మోయలేని కరెంటు లాగుతోందన్నమాట. కండెన్సర్ పోతే సరిగ్గా ఇలాగే అవుతుంది. మోటారు తిరక్కుండా మూలుగుతుంది, ఆమీటర్ ముల్లు పైకెక్కి కూర్చుంటుంది, కాసేపటికి ట్రిప్. మోటారు తీయించేకంటే కండెన్సర్ మార్చడం ఎంత చవకో నీకు చెప్పక్కర్లేదు.

అమెరికాలో ఎడిసన్‌లో ఉన్న మీ అన్నయ్యకి నిరుడు చలికాలంలో ఇదే తంటా. అక్కడ కొన్ని ఇళ్లలో బాయిలర్‌తో నీళ్లు కాచి, చిన్న పంపుతో గదుల్లోని గొట్టాల్లోకి తిప్పుతారు. బాయిలర్ మండుతోంది, పంపు తిరగడం లేదని రాత్రివేళ నాకు వీడియో కాల్. వాళ్ల కంట్రోలు పెట్టెల్లో ఒక రకం ఉంది. లోపలి నీళ్లు పెట్టిన కనీస వేడికి చేరేదాకా ఆ పెట్టె పంపుకి కరెంటివ్వదు. చల్లటి నీళ్లు తిప్పి ఇల్లు ఇంకా చల్లబరచకుండా ఆ ఏర్పాటు. పంపు పోయిందనుకోకు, ఆగమన్న మాట ఉందేమో, ముందు థర్మామీటర్ చూడరా అన్నాను.

ఇప్పుడు, కరెంటు ఎక్కడిదాకా వచ్చిందో చూపించే దీపం సంగతి. మెకానిక్ వస్తే టెస్టరుతోనూ, డిజిటల్ మీటరుతోనూ మాత్రమే చూసి సరిపెట్టనివ్వకు. టెస్టరులో నియాన్ బుడ్డి ఏ కాస్త కరెంటు తగిలినా వెలుగుతుంది. న్యూట్రల్ తెగితే రెండు వైర్లలోనూ వెలిగి మనిషిని తికమక పెడుతుంది. డిజిటల్ మీటరుకి కావాల్సిన కరెంటు చాలా తక్కువ కాబట్టి, మాడి పొక్కులెక్కిన కాంటాక్టు అవతల కూడా నిక్షేపంగా 230 చూపిస్తుంది. బరువు పడగానే ఆ 230 మాయం. హోల్డరులో 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బు పెట్టి రెండు వైర్లు తీసుకుంటే అది అబద్ధం చెప్పదు. ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు. మీది సింగిల్ ఫేజు కాబట్టి ఒక్క బల్బు చాలు. త్రీ ఫేజులో రెండు ఫేజుల మధ్య పెడితే పేలుతుంది, అక్కడ రెండు బల్బులు సిరీస్‌లో కట్టాలి.

ఆ దీపాన్ని మెయిన్ దగ్గర, కాయిల్ కొనల దగ్గర, కాంటాక్టర్ అవతల, చివరికి మోటారు వైర్లు బిగించిన చోట వరసగా పెట్టించు. ప్రతిచోటా ఎదురుగా న్యూట్రల్ ఉండాలి. ఎక్కడ ఆరితే, ఎక్కడ మసకబారితే దానికి కాస్త ముందే తప్పుంది. కాయిల్ దగ్గర దీపం బాగా వెలుగుతున్నా కాంటాక్టర్ కదలకపోతే కాయిల్ పోయింది, లేదా కోర్ బిగిసిపోయింది. చివరి కొనల దాకా వెలిగితే అప్పుడు అడుగు బోరులోకి దిగే వైరు సంగతి, మోటారు సంగతి. ఈ పని కరెంటుతో జరిగేది, మెకానికే చెయ్యాలి. నువ్వు పక్కన నిలబడి ఎక్కడ ఆరిందో అడుగు. చెయ్యి పెట్టకు. మెయిన్ ఆపాక కూడా కండెన్సర్లో కరెంటు నిలవ ఉంటుంది. ఆ బల్బు వైర్లనే దాని కొనలకి ఆనిస్తే దిగిపోతుంది. స్క్రూడ్రైవరుతో టప్పుమనిపించే మెకానిక్‌ని ఇంటికి రానివ్వకు.

స్టార్టరు సాయంత్రం పట్టక, తెల్లవారుజామున పడుతుంటే ఓల్టేజి చూడు. మామూలుగా కాయిల్ తన మీద రాసిన ఓల్టేజిలో 85 శాతం వరకూ తట్టుకుంటుంది. 230 కాయిల్‌కి అది 195 చిల్లర. అంతకన్నా పడిపోతే గుయ్యిమంటుందే తప్ప గట్టిగా పట్టదు. అప్పుడు పెట్టె విప్పితే లాభం లేదు, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చెయ్యి.

నా అనుమానం మాత్రం వేరే. మీ సింగ్ నగర్ ఇంట్లో ఆ పెట్టె 2024 సెప్టెంబరులో బుడమేరు వరద నీళ్లలో మునిగింది కదా. నీళ్లు తీశాక మీరు ఎండలో ఆరబెట్టి మళ్లీ బిగించారు. అప్పుడు పని చేసింది, అందుకే ఎవరూ దాని జోలికి పోలేదు. అలాంటి పెట్టెలు తర్వాత నా దగ్గరికి బోలెడు వచ్చాయి. మూత తీస్తే పైకి శుభ్రంగానే ఉంటాయి. కదిలే కోర్‌ని వేలితో నొక్కితే కొంచెం దిగి ఆగిపోతుంది. స్ప్రింగు తుప్పు పట్టి ఉంటుంది, కోర్ అంచుల మధ్య సన్నటి బురద ఎండి పట్టుకుని ఉంటుంది. ఇత్తడి స్క్రూల చుట్టూ పచ్చటి చిలుము. ఆ చిలుము వైరు ఇన్సులేషను కిందికి పాకి, రాగి తీగలని ఒక్కొక్కటిగా తినేస్తుంది. పైనుంచి లాగితే గట్టిగానే ఉంటుంది, వంచితే పుటుక్కుమంటుంది. వీటికి తోడు చీమలు. వెచ్చగా ఉంటుందని కాంటాక్టుల మధ్య చేరి, నలిగి, అక్కడే మాడి పొరగా అతుక్కుంటాయి. ఆ పొర కరెంటుని రానివ్వదు. మా వైపు ఒక పెట్టెలో బల్లి కూడా దొరికింది. చచ్చి ఎంత కాలమైందో గానీ కోర్‌ని మాత్రం భద్రంగా పట్టుకుని ఉంది.

తప్పు తేలేదాకా ఓవర్‌లోడ్‌కి అడ్డంగా వైరు ముక్క కలిపి మోటారు నడిపిస్తామంటే ఒప్పుకోకు. కర్రపుల్లతో కాంటాక్టర్ని నొక్కి నడిపించే ఘనులు పొలాల దగ్గరే కాదు, పటమటలోనూ ఉన్నారు. అలా నడిస్తే పూట గడుస్తుంది, వైండింగ్ మాడుతుంది. నాకు బేరం వస్తుంది గనక నేను సంతోషించాలి, కానీ నువ్వు నా మేనకోడలివి.

కాయిలో కాంటాక్టరో మార్చాల్సి వస్తే పాతది చేత్తో పట్టుకుని షాపుకి వెళ్లండి. కాయిల్ మీద 230 అని ఉందో, 415 అని ఉందో చదవండి. 415 కాయిల్ని మీ పెట్టెలో పెడితే కొత్తదైనా పట్టదు, మళ్లీ బోర్డు కాలిందంటారు. పెట్టె ఎలాగూ విప్పుతారు గనక, గోడ మీద ఆ వరద గీత ఎక్కడిదాకా ఉందో చూసి, దానికి పైన బిగించమను. ఎర్తు వైరు కూడా కొత్తది వెయ్యమను, పాతది నీళ్లలో నానిందే. అల్లుడుగారికి ఇది ఖర్చులా కనిపిస్తుంది. నేను చెప్పానని చెప్పు.

మెకానిక్ వచ్చి మెయిన్ ఆపి మూత తీశాక లోపల ఫోటో తీసి వాట్సాప్ చెయ్యి, కాయిల్ మీద అంకె కనిపించాలి. దీపం ఎక్కడ ఆరిందో కూడా రాయి. ఆదివారం దాకా షాపు తెరిచే ఉంచుతా.

ఇట్లు,
మీ మావయ్య