క్రీడాగురువు రహీం

పాఠ్యాంశ పరిచయం

ఇది జీవితచరిత్రాత్మక వ్యాసం. ఒక జట్టుకు పదమూడేండ్ల పాటు, చివరి శ్వాస వరకు శిక్షకుడుగా ఉండి, ఆ అనుభవంతో భారత ఫుట్‌బాల్‌ను ఆసియాలో అగ్రస్థానానికి చేర్చిన హైదరాబాదు ఉపాధ్యాయుని కృషిని తెలపడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఆటలో గోలు చేసిన వాని పేరు మరునాటి పత్రికలో వస్తుంది. ఆ గోలుకు బంతిని అందించిన వాని పేరు కొందరికే గుర్తుంటుంది. బంతిని ఏ క్షణంలో, ఏ దిక్కుకు అందించాలో ఏళ్ల తరబడి నేర్పిన గురువు మాత్రం మైదానపు గీత అవతలనే నిలిచిపోతాడు. భారత ఫుట్‌బాల్ చరిత్రలో అలా గీత అవతల నిలిచి ఒక తరం ఆటను తీర్చిదిద్దినవారు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్లు ఆయనను 'రహీం సాబ్' అని గౌరవంగా పిలిచేవారు.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుతూ ఫుట్‌బాల్ క్రీడాకారుడుగా పేరు పొందారు. తర్వాత ఉపాధ్యాయ వృత్తిని చేపట్టి కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలల్లో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది పిల్లల ఆటపాటల బాధ్యతను కూడా స్వీకరించారు. 1940వ దశకంలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షకులయ్యారు. పదవులు ఎన్ని వచ్చినా ఆయన స్వభావం ఉపాధ్యాయునిదే. విద్యార్థి ఎక్కడ తడబడుతున్నాడో కనిపెట్టి, ఆ చోటనే పాఠం మొదలుపెట్టడం మంచి ఉపాధ్యాయుని లక్షణం. రహీం శిక్షణ అంతా ఈ సూత్రం మీదనే నడిచింది.

ఆ రోజుల్లో మన దేశంలో బంతిని ఎక్కువసేపు తన కాళ్ల దగ్గరే ఉంచుకొని, ప్రత్యర్థులను ఒక్కొక్కరినే తప్పించుకుపోయే ఆటగానికే చప్పట్లు దక్కేవి. దీనినే డ్రిబ్లింగ్ అంటారు. అది కంటికి ఇంపైనదే గాని, మిగిలిన పదిమందిని ప్రేక్షకులుగా మారుస్తుంది. రహీం దీనికి ఉపాయం ఆలోచించారు. డ్రిబ్లింగ్‌ను నిషేధించిన పోటీలను ఏర్పాటు చేశారు. బంతి అందగానే తోటివానికి పంపక తప్పని ఆ పోటీలలో, ఎవరు ఎక్కడ ఉన్నారో ముందుగానే చూసుకొనే అలవాటు కుర్రవాళ్లకు అబ్బింది. మనిషి పరుగు కంటె బంతి పరుగు వేగమని వారు ఉపన్యాసం విని కాక, ఆడి తెలుసుకున్నారు. బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలనూ ఆయన నడిపించారు. ఉన్న నేర్పును ప్రదర్శించడానికి కాక, లేని నేర్పును సంపాదించడానికే ఆయన పోటీలు పెట్టారు.

ఈ శిక్షణకు ఫలితం త్వరలోనే కనిపించింది. హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమై అప్పటికి రెండేళ్లే అయింది. 1950లో, స్వాతంత్ర్యానంతరం తొలిసారి జరిగిన డ్యూరాండ్ కప్ పోటీల ఫైనల్లో సిటీ పోలీస్ జట్టు కలకత్తాకు చెందిన సుప్రసిద్ధ మోహన్ బగాన్ జట్టును ఓడించింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు గెలుచుకుంది. 1954లో డ్యూరాండ్ కప్‌ను మరోసారి సాధించింది. రహీం తయారుచేసిన ఆటగాళ్లతో హైదరాబాదు 1956, 1957 సంవత్సరాల్లో సంతోష్ ట్రోఫీని గెలిచింది.

శిష్యులను ఆయన ఎలా ఎన్నుకొనేవారో తులసీదాస్ బలరాం జీవితం చెబుతుంది. సికింద్రాబాద్ సమీపంలోని అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టిన బలరాం ఆటను రహీం ఒక స్థానిక పోటీలో చూశారు. నగరానికి వచ్చి సాధన చేయమన్నారు. రోజూ అంత దూరం రావడానికి ఆ యువకుని దగ్గర డబ్బు లేదు. అద్దె సైకిలుకయ్యే పైకం రహీం తానే ఇచ్చారు. ఆ బలరాం 1956, 1960 ఒలింపిక్ క్రీడల్లో భారతదేశం తరఫున ఆడాడు.

1957లో బలరాం కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ జట్టులో చేరాడు. కలకత్తా జట్ల పేరుప్రతిష్ఠలు, అక్కడి ఆదరణ హైదరాబాదు ఆటగాళ్లను తరచు ఆకర్షించేవి. అంతకు ముందు 1956 డ్యూరాండ్ ఫైనల్లో సిటీ పోలీస్ ఈస్ట్ బెంగాల్ చేతిలోనే ఓడింది. అయినా 1957 పోటీల ఫైనల్లో అదే ఈస్ట్ బెంగాల్‌ను 2-1 గోల్స్‌తో జయించింది. ఒకరు వెళ్లిపోతే కూలిపోయే జట్టును కాక, మరొకరు ఆ స్థానాన్ని నింపగల జట్టును రహీం నిర్మించారనడానికి ఇది నిదర్శనం.

జాతీయ జట్టు శిక్షకుడుగానూ ఆయన అదే మార్గాన్ని అనుసరించారు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల ఫైనల్లో భారత్ ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణపతకం పొందింది. మరుసటి సంవత్సరమే ఎదురుదెబ్బ తగిలింది. హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా 10-1తో మనలను చిత్తుచేసింది. మన ఆటగాళ్లలో పలువురు అప్పటికి బూట్లు లేకుండానే ఆడేవారు. ఆ పరాజయం తర్వాత బూట్లు ధరించడం తప్పనిసరి అయింది. నాలుగేళ్లకు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా ఆ మ్యాచ్‌లో మూడు గోల్స్ చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు మనదే. ఆ క్రీడల్లో భారత్‌కు నాలుగో స్థానం లభించింది. 1960లో రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1గా సమానంగా నిలిచింది.

రహీం ప్రతిభకు పరాకాష్ఠ 1962 జకార్తా ఆసియా క్రీడలు. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఇండోనేషియా ప్రవేశం నిరాకరించగా, ఆసియా క్రీడా సమాఖ్యలోని భారత ప్రతినిధి జి.డి. సోంధి అభ్యంతరం తెలిపారు. దానితో అక్కడి ప్రజలు భారతీయుల మీద ఆగ్రహించారు. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో మన జట్టు 2-0తో ఓడింది. తర్వాత థాయ్‌లాండ్‌ను, జపాన్‌ను, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను జయించింది. ఈలోగా రక్షణ పంక్తికి మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం అతనిని పక్కన పెట్టలేదు. సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. సెప్టెంబరు 4న, సుమారు లక్షమంది ప్రతికూల ప్రేక్షకుల నడుమ, ఫైనల్లో మళ్లీ దక్షిణ కొరియాయే ఎదురైంది. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగ్ ఒక గోలు చేయగా భారత్ 2-1తో స్వర్ణపతకాన్ని గెలుచుకుంది. కొద్ది రోజుల క్రితం ఓడించిన జట్టునే ఓడించడం అదృష్టం వల్ల జరిగేది కాదు. తన వారి బలాన్ని, బలహీనతను అణువణువునా ఎరిగిన గురువు వల్ల జరిగేది.

జకార్తా విజయం తర్వాత తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో రహీం కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు.

ఆ తర్వాతి చరిత్ర మనలను ఆలోచింపజేస్తుంది. 1960 తర్వాత భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌కు అర్హత సాధించలేదు. ఆసియా క్రీడల్లో 1970లో కాంస్యపతకం వచ్చింది గాని, 2023లో జరిగిన క్రీడల వరకు స్వర్ణం మళ్లీ రాలేదు. హైదరాబాదు ఫుట్‌బాల్ వైభవమూ క్రమంగా క్షీణించింది. దీనికి ఒకే కారణం చెప్పడం న్యాయం కాదు. ఇతర దేశాలు వేగంగా ముందుకు సాగాయి. మన దేశంలో ప్రజాదరణ క్రికెట్ వైపు మళ్లింది. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. రహీం శిష్యులకు ఆట నేర్పారు. ఆయన లేని నాడు ఆ పాఠాలను కొనసాగించే వ్యవస్థను మనం నిర్మించుకున్నామా? గొప్ప గురువు దొరకడం ఒక తరం అదృష్టం. ఆయన విద్యను నిలుపుకోవడం తర్వాతి తరాల బాధ్యత.

2024లో విడుదలైన 'మైదాన్' అనే హిందీ చలనచిత్రం ఆయన కథను కొత్త తరానికి పరిచయం చేసింది. జ్ఞాపకం చేసుకోవడం మంచిదే. అయితే, మన ఊరి మైదానంలో బంతిని తనకే అట్టిపెట్టుకోక తోటివానికి అందించే ప్రతి కుర్రవాడూ, ప్రతి బాలికా రహీం పాఠాన్ని కొనసాగిస్తున్నట్లే. ఆయనకు అంతకంటె తగిన స్మారకం లేదు.

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. రహీం శిక్షణ పద్ధతులను వివరించి, వాటిలోని ఉపాధ్యాయ దృష్టిని విశ్లేషించండి.
2. 1962 జకార్తా విజయం గురువు ప్రతిభకు నిదర్శనమని ఎలా చెప్పగలరు?

సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీల వల్ల కలిగిన ప్రయోజనమేమి?
2. బలరాం వెళ్లిపోయిన తర్వాత సిటీ పోలీస్ జట్టు ఏమి నిరూపించింది?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. సిటీ పోలీస్ జట్టు రోవర్స్ కప్‌ను వరుసగా ఎన్నిసార్లు గెలిచింది?
2. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ ఏ సంవత్సరంలో నాలుగో స్థానం పొందింది?